ఉగాది కారు, జులై చీటీ, మధ్యలో క్రెడిట్ కార్డు: ఒక డౌన్ పేమెంట్ కేసు

జులై మూడో వారం వచ్చిందంటే మా ఆఫీసులో కుర్చీ దొరకదు. రిటర్నులకి 31 ఆఖరు తేదీ కాబట్టి జీతగాళ్లంతా ఫారం-16 పట్టుకుని ఒకేసారి దిగుతారు. 2024 జులై 18, గురువారం సాయంత్రం అలాగే వచ్చారు ఒక ఫిజిక్స్ మాస్టారు. విజయవాడలో ప్రైవేటు జూనియర్ కాలేజీలో చెబుతారు. ఏడెనిమిదేళ్లుగా ఆయన రిటర్ను నేనే వేస్తున్నాను. ఈ కేసు రాసుకోమని ఆయనే అన్నారు గానీ పేరు, కాలేజీ, బ్యాంకు, షోరూము చెప్పను. ఊళ్లో ఇట్టే పోల్చుకుంటారు. అంకెలు మాత్రం ఆయన కాగితాల్లో ఉన్నవే.

రిటర్నుకి మార్చి వరకు స్టేట్‌మెంటు చాలు. ఆయన ఫోన్లోంచి జులై దాకా మొత్తం దింపి పంపారు. సేవింగ్స్ వడ్డీ ఎంత పడిందో వెతుకుతూ కిందికి పోతే రెండు డెబిట్లు కంటబడ్డాయి. మే 25న 9,180. జూన్ 25న 11,610. రెండూ క్రెడిట్ కార్డుకే. మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కట్టేవాళ్ల స్టేట్‌మెంటుకి ఒక పోలిక ఉంటుంది: గడువు తేదీ రోజే కట్టి ఉంటారు, రూపాయి ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను కాబట్టి చూడగానే తెలిసిపోతుంది.

"మాస్టారూ, కార్డు మీద పెద్దదేమన్నా కొన్నారా?"

"కారు తీసుకున్నాం కదండీ గురువుగారూ. డౌన్ పేమెంట్‌లో కొంత దాని మీద గీకాను. చీటీ పాడాను, డబ్బులు రాగానే కట్టేస్తా. అంతవరకు మినిమం కడుతున్నా. లేటు ఫీజు ఒక్క రూపాయి పడనివ్వలేదు."

ఆ చివరి మాట కాస్త గర్వంగానే అన్నారు. నాకు భయం వేసింది కూడా ఆ మాటకే. రిటర్ను పక్కన పెట్టి కార్డు బిల్లులు మూడూ పంపమన్నాను.

కారు లెక్క

కారు ఎక్స్ షోరూమ్ ధర 8,05,000. దాని మీద లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 1,12,700. ఇన్సూరెన్స్ 38,300. మిగతా చిల్లర ఖర్చులు 4,000. మొత్తం ఆన్ రోడ్ 9,60,000. షోరూములో కూర్చునే బ్యాంకు మనిషి ఎక్స్ షోరూమ్ ధర మీద తొంభై శాతానికి కాస్త తక్కువగా, 7,20,000 లోను ఇప్పించాడు. 9.25 శాతం, ఏడేళ్లు, నెలకి 11,676. మార్జిన్ మనీ 2,40,000 మాస్టారు తేవాలి. ఆయన దగ్గర అరవై వేలున్నాయి. ఇంకా 1,80,000 కావాలి.

ఇక్కడ ఒక ప్రశ్న అడగాల్సింది, ఎవరూ అడగలేదు. కొన్ని బ్యాంకులు ఎక్స్ షోరూమ్ మీద కాకుండా ఆన్ రోడ్ ధర మీదే తొంభై శాతం దాకా లోను ఇస్తాయి. ఈ బండికి అది 8,64,000. అప్పుడు మాస్టారు తేవాల్సింది 96,000 మాత్రమే. జీతం చేతికి 48,000 వస్తుంది, వేరే లోన్లు లేవు, కాబట్టి అర్హత సమస్య కూడా పెద్దగా రాదు. కాకపోతే ఆ బ్యాంకుకి మనమే వెళ్లాలి, వారం రోజులు తిరగాలి. మాస్టారి దగ్గర వారం లేదు. ఏప్రిల్ 9 ఉగాది. మంగళవారం అయినా సరే, పండగ కాబట్టి ఆ రోజే బండి ఇంటి ముందుకి రావాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. ఆ ఏడాది పేరు క్రోధి. ఎందుకైనా మంచిదని నేనైతే విళంబానికే ఓటేసేవాణ్ణి.

మార్జిన్ రసీదు చూపిస్తే తప్ప బ్యాంకు డెలివరీ ఆర్డరు వదలదు. శనివారం, ఏప్రిల్ 6న, షోరూములో సేల్స్ కుర్రాడు అడిగాడట: "సార్, కార్డు బిల్లు ఏ తేదీన జనరేట్ అవుతుంది?" అయిదో తేదీ అన్నారు మాస్టారు. "అయితే అదృష్టం సార్. నిన్ననే బిల్లు పడిపోయింది. ఇవాళ గీకితే మే 5 బిల్లులోకి వస్తుంది. కట్టాల్సింది మే 25న. నలభై తొమ్మిది రోజులు రూపాయి వడ్డీ లేదు."

కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. అందుకే కేసు కాస్త చిక్కు. అబద్ధం చెప్పి ఉంటే మాస్టారు పట్టుకునేవారు.

మెషీన్ మొదటిసారి కార్డు తీసుకోలేదు. యాప్‌లో స్వైప్ పరిమితి లక్ష పెట్టి ఉంది. ఇంటర్ చదివే కొడుకు అక్కడే నిలబడి ఫోనులో ఆ పరిమితిని పైకి జరిపాడు. కార్డు మొత్తం లిమిట్ 2,40,000. రెండోసారి పిన్ కొట్టే ముందు కుర్రాడు మెల్లగా, "కార్డు అయితే రెండు శాతం ఎక్స్‌ట్రా సార్" అన్నాడు. 3,600. వెనక క్యూ ఉంది, దండ కట్టిన బండి కళ్ల ముందు ఉంది. మొత్తం 1,83,600 గీకేశారు.

ఈ రెండు శాతం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కార్డు తీసుకున్నందుకు బ్యాంకుకి కట్టే ఖర్చు మామూలుగా దుకాణదారుడిది. కార్ల అమ్మకంలో లాభం పలచన కాబట్టి దాన్ని కొనేవాడి నెత్తిన వేస్తారు. "కార్డు ఛార్జీ అని రసీదు మీద రాసివ్వండి" అని అడిగితే చాలాచోట్ల సగానికి దిగుతారు, కొన్నిచోట్ల వదిలేస్తారు. రాసివ్వడం వాళ్లకి ఇష్టం ఉండదు. ఈ రసీదులో ఆ 3,600 యాక్సెసరీస్ కింద కనిపించింది.

చీటీ

మాస్టారు డబ్బు లేకుండా దిగిన మనిషి కాదు. మూడు లక్షల చీటీ ఉంది. రిజిస్టర్డు కంపెనీ, నెలకి పది వేలు, ముప్పై నెలలు. ఏప్రిల్ నాటికి పదమూడు వాయిదాలు అయ్యాయి. ప్రతి నెలా పదో తేదీన పాట, ఎక్కువ తగ్గింపుకి ఒప్పుకున్నవాళ్లకే ఆ నెల చీటీ. మే 10 పాటలో నలభై అయిదు వేల తగ్గింపుకి పాడితే 2,55,000 చేతికి వస్తుంది, మే 25లోపు కార్డు క్లియర్. ఇదీ ఆయన ప్లాను. కాగితం మీద చూస్తే మంచి ప్లానే. నేనైనా అప్పటికి ఒప్పుకునేవాణ్ణేమో.

మే పాటలో మరో ఇద్దరికి అవసరం పడింది. పాట అరవై ఆరు వేల దాకా పోయింది. అంత వదులుకోవడం ఎందుకులే, వచ్చే నెల చూద్దాం అని మాస్టారు తగ్గారు. జూన్‌లో ఇంకా పైకి, డెబ్భై రెండు వేలకి పోయింది. చీటీలు నడిపేవాళ్లని అడగండి, జూన్ పాట ఎప్పుడూ లోతుకి పోతుంది. స్కూళ్లు తెరుస్తారు, కాలేజీ ఫీజులు కట్టాలి. ఒక లెక్చరరు ఈ సంగతి మర్చిపోవడం నాకు విచిత్రం అనిపించింది. ఆయన కాలేజీ ఫీజు కట్టడానికే ఎవరో ఆ చీటీ ఎత్తుకుని ఉంటారు.

జులై 10న మాస్టారికే దక్కింది. యాభై నాలుగు వేల తగ్గింపు, 2,46,000 వస్తుంది. కానీ పాడుకోవడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. ఇంకా పద్నాలుగు వాయిదాలు, లక్షా నలభై వేలు కట్టాల్సి ఉంది కాబట్టి కంపెనీ మూడు ష్యూరిటీలు అడిగింది. ప్రైవేటు కాలేజీలో తోటి లెక్చరర్ల సంతకాలు వాళ్లకి పనికిరావు, గవర్నమెంటు జీతగాళ్లే కావాలి. బావమరిది గుడివాడ దగ్గర ప్రభుత్వ టీచరు, ఆయన ఒప్పుకున్నారు. జీతం సర్టిఫికెట్ మీద డీడీఓ (జీతాల బిల్లులు చేసే అధికారి) సంతకం కావాలి, డీడీఓ గారు సెలవులో ఉన్నారు. మూడో మనిషి అసలు దొరకనే లేదు. నా దగ్గరికి వచ్చిన నాటికి పరిస్థితి అది. డబ్బు కంపెనీలో ఉంది, ఎప్పుడొస్తుందో తెలియదు.

ఇంకో చిక్కు మే నెల జీతం. చాలా ప్రైవేటు కాలేజీల్లో వేసవిలో జీతం కోతే. ఈ కాలేజీలో సగం ఇస్తారు. ఇరవై నాలుగు వేలల్లోంచి కారు కిస్తీ, చీటీ వాయిదా కడితే ఇంటికి రెండు వేల చిల్లర మిగిలింది. మే 25న మినిమం డ్యూ 9,180 దాచుకున్న డబ్బులోంచి తీసి కట్టారు.

రోజుకి 249

బిల్లులు మూడూ బల్ల మీద పరిచి పెన్సిల్ తీశాను. మాస్టారి అంచనా ఇది: మే 25 దాకా వడ్డీ లేదు, ఆ తర్వాత మిగిలిన 1,74,420 మీద నెలకి మూడున్నర శాతం, ఆరు వేల చిల్లర, భరించొచ్చు.

మొదటి తప్పు అక్కడే. వడ్డీ లేని గడువు మొత్తం బిల్లు కట్టినవాడికే. ఒక్క రూపాయి మిగిల్చినా ఆ గడువు ఎగిరిపోతుంది, వడ్డీ కార్డు గీకిన రోజు నుంచి, అంటే ఏప్రిల్ 6 నుంచి పడుతుంది. సేల్స్ కుర్రాడు లెక్కపెట్టి ఇచ్చిన నలభై తొమ్మిది రోజులూ వెనక్కి పోయాయి.

జూన్ 5 బిల్లు ఇలా తయారైంది. 1,83,600 మీద 49 రోజులు, ఆ తర్వాత 1,74,420 మీద 11 రోజులు, ఏడాదికి 42 శాతం చొప్పున. వడ్డీ 12,560. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 2,261. రెండూ కలిపి 14,821. మే 25న కట్టిన 9,180 తీసేసి, ఇది కలిపితే బిల్లు 1,89,241. గీకింది 1,83,600.

మాస్టారు ఆ రెండు అంకెలూ మార్చి మార్చి చూశారు. ఎంసెట్ పిల్లలకి రొటేషనల్ మోషన్ నోటితో చెప్పే మనిషి. ఈ బిల్లు ఆయన ఫోనుకి వచ్చి నలభై రోజులైంది. "నేను మినిమం డ్యూ ఎంత అనే చూశానండీ. పైన ఉన్నది చూడలేదు" అన్నారు. నమ్మాను. యాప్‌లు కట్టమని చూపించే చోట ఆ చిన్న అంకె ఎంత సుఖంగా కనిపిస్తుందో నాకూ తెలుసు.

రెండో పేజీ తిప్పి ఒక వాక్యం కింద గీత గీశాను. కేవలం కనీస మొత్తం కడుతూ పోతే అప్పు తీరడానికి నెలలు, సంవత్సరాలు పడుతుంది, వడ్డీ మీద వడ్డీ పడుతుంది అని బిల్లు మీద హెచ్చరిక వేయాలని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన కార్డుల మార్గదర్శకాల్లో ఉంది. వేశారు. చీమ తలకాయంత అక్షరాల్లో.

జూన్ 25న 11,610 కట్టారు. జులై 5 బిల్లులో వడ్డీ 6,347, జీఎస్టీ 1,142, పైసలు సర్దితే మొత్తం 7,490. బిల్లు 1,85,121. రెండుసార్లు కలిపి 20,790 కట్టాక కూడా మొదట గీకినదానికంటే 1,521 ఎక్కువే ఉంది. ఈ కార్డు మినిమం డ్యూ సూత్రం జీఎస్టీ మొత్తం, మిగతా బాకీలో అయిదు శాతం. నెలకి వడ్డీ, జీఎస్టీ కలిపితే 4.13 శాతం. అంటే కట్టిన ప్రతి అయిదు రూపాయల్లో నాలుగు వడ్డీకే పోతాయి, అసలుకి చేరేది రూపాయి లోపు.

శాతాలు పక్కన పెట్టి రోజు లెక్క చెప్పాను. 1,83,600 మీద రోజుకి వడ్డీ 211, జీఎస్టీతో 249. "కాలేజీకి వెళ్లి రావడానికి పెట్రోలు ఎంతవుతుంది మాస్టారూ?" అన్నాను. నూట ఎనభై అన్నారు. కారు ఇంటి ముందు కదలకుండా ఉన్నా రోజుకి 249 తాగుతోంది.

"42 శాతం అంటే కాల్ మనీ కాదుటండీ? అడిగేవాడు లేడా?" అని అడిగారాయన. కాల్ మనీ అంటే ఫోను చేయగానే ఇచ్చి, అడ్డగోలు వడ్డీ పిండే అప్పు. బెజవాడలో ఆ మాటకి ఉన్న బరువు వేరు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో కార్డు వడ్డీ 30 శాతం దాటితే అన్యాయమని తీర్పిచ్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకి వెళ్లాయి. మాస్టారి వ్యవహారం ముగిశాక, 2024 డిసెంబరు 20న, సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. కాబట్టి ఇప్పుడు 30 అనే గీత లేదు. ఒప్పందంలో ఎంత రాసుంటే అంత.

నన్ను ఎక్కువ బాధపెట్టిన లెక్క ఇది కాదు. మే పాటలో మరో వెయ్యి పెంచి అరవై ఏడు వేలకి పాడి ఉంటే చీటీ దక్కేది. ష్యూరిటీ కాగితాలు ముందే సిద్ధంగా ఉంటే మే 25లోపు బిల్లు పూర్తిగా తీరి, వడ్డీ సున్నా అయ్యేది. జులై దాకా ఆగి ఆయన మిగిల్చుకున్నది పదమూడు వేలు. ఆ పదమూడు వేల కోసం అప్పటికే పడిన వడ్డీ, జీఎస్టీ 22,311. చీటీలో అరవై ఏడు వేలు వదులుకోవడం కంటికి కనిపిస్తుంది, పది మంది మధ్యలో నోరు తెరిచి అనాలి. కార్డు వడ్డీకి అలా నోరు తెరిచి పాడాల్సిన పని లేదు.

ఏం చేశాం

కార్డు యాప్‌లోనే బాకీని ఇరవై నాలుగు నెలల కిస్తీలుగా మార్చుకోమని ఆఫరు కనిపిస్తోంది, 16 శాతం. నెలకి 9,058. మొత్తం వడ్డీ 32,392, దాని మీద జీఎస్టీ 5,831. ముందే మూసేస్తే మిగిలిన అసలు మీద మూడు శాతం. చీటీ డబ్బు నెలరోజుల్లో వచ్చే మనిషికి రెండేళ్ల కిస్తీ ఎందుకు? ఏ డబ్బూ వచ్చే దారి లేనివాళ్లకి మాత్రం ఇదే చెబుతాను. 42 కంటే 16 నయం.

పర్సనల్ లోను అడిగి చూశాం. సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీరుస్తామో బ్యాంకులకి చెప్పే మార్కు) మార్చిలో 770ల్లో ఉన్నది 720ల్లోకి జారింది. వాయిదా ఒక్కటీ తప్పలేదు కదా అని మాస్టారు ఆశ్చర్యపోయారు. 2,40,000 లిమిట్లో 1,85,000 వాడేసి ఉంటే, అంటే డెబ్భై ఏడు శాతం, వాయిదాలు సరిగ్గా కట్టినా స్కోరు తగ్గుతుంది. పైగా ఏప్రిల్‌లో కొత్త కారు లోను. రేటు పెంచి ఇస్తామన్నారు, వదిలేశాం.

మిగిలింది బంగారం. మాస్టారి భార్య బయట స్కూటీ మీద ఎదురుచూస్తున్నారు. లోపలికి పిలిచి కాగితం చూపించాను. ఆవిడకి కార్డు సంగతే తెలియదు. డౌన్ పేమెంటంతా దాచుకున్న డబ్బే అనుకున్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆవిడే అన్నారు: "నలభై గ్రాముల గొలుసు ఉంది అన్నయ్యగారూ. పెట్టండి. కానీ వరలక్ష్మీ వ్రతం నాటికి నా మెడలో ఉండాలి."

"ఎప్పుడమ్మా వ్రతం?"

"ఆగస్టు పదహారు."

ఇలాంటి గడువు తేదీని ఎవరూ మినిమం కట్టి తప్పించుకోలేరు.

జులై 20, మూడో శనివారం, బ్యాంకు ఉంటుంది. పొద్దున్నే వెళ్లారు. తూకం, అప్రైజర్ గీటురాయి, ఫొటో, సంతకాలు, పన్నెండున్నరకి 1,86,000 ఖాతాలో పడింది. 9.5 శాతం. అప్రైజర్ ఛార్జీ, మిగతా ఖర్చులు అన్నీ కలిపి ఏడు వందలు. మధ్యాహ్నం భోజనం వేళకి కార్డుకి 1,85,121 కట్టించాను. మూడు రోజుల తర్వాత, 23న, కేంద్ర బడ్జెట్లో బంగారం మీద కస్టమ్స్ సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించారు, ధర దబ్బున పడింది. వారం ఆలస్యమైతే అదే గొలుసుకి అంత లోను వచ్చేదో లేదో. అది మా తెలివి కాదు, తేదీ కలిసొచ్చింది.

కట్టిన రోజే ఒక మాట గట్టిగా చెప్పాను: "ఆగస్టు 5న ఇంకో బిల్లు వస్తుంది, కంగారు పడొద్దు." జులై 5 నుంచి 20 దాకా నడిచిన పదిహేను రోజుల వడ్డీ అప్పటికి బిల్లులోకి ఎక్కలేదు. బిల్లు మొత్తం కట్టేశాక కూడా ఆ తోక మిగిలే ఉంటుంది. దీన్ని చూసి, బాకీ లేదు కదా అని పక్కన పడేసి, లేటు ఫీజులు పడి, మళ్లీ నా దగ్గరికి వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. అనుకున్నట్టే 3,747 వచ్చింది. అంత చెప్పినా మాస్టారు ఫోను చేశారు. "వచ్చింది గురువుగారూ. మీరు చెప్పారు కదా అని కంగారు పడలేదు, ఊరికే చేశాను" అన్నారు.

మూడో ష్యూరిటీగా ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడి నాన్నగారు, పోస్టాఫీసు ఉద్యోగి, సంతకం పెట్టారు. ఆగస్టు 14, బుధవారం చీటీ డబ్బు పడింది. 15 సెలవు, 16 వ్రతం. ఆ మధ్యాహ్నమే గోల్డ్ లోను మూసి గొలుసు విడిపించారు. 25 రోజులకి వడ్డీ 1,210. అదే 25 రోజులు కార్డు మీద ఉంచి ఉంటే జీఎస్టీతో 6,280 దాకా అయ్యేది. ఒక శనివారం పూట లైన్లో నిలబడినందుకు, ఖర్చులు పోను, నాలుగు వేల పైన మిగిలింది.

కారుకి కార్డు వాడినందుకు మొత్తం ఖర్చు: వడ్డీ, జీఎస్టీ కలిపి 26,058. షోరూము తీసుకున్న 3,600. కలిపితే 29,658. బంగారం ఖర్చు వేరు. వచ్చిన రివార్డు పాయింట్లు 2,448, పాయింటుకి పావలా చొప్పున 612 రూపాయలు.

నేనైతే

ఆ 1,80,000 కూడా కారు లోనులోనే తీసుకోవాల్సింది అని గుడ్డిగా చెప్పను. ఏడేళ్ల లోనులో అంత అదనం అంటే నెలకి 2,919 ఎక్కువ, చివరి దాకా సాగదీస్తే వడ్డీయే అరవై అయిదు వేలు. కారు లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటు, ముందు కడితే ఛార్జీ అడుగుతారు. చీటీ దగ్గరలో ఉన్న మనిషికి ఏప్రిల్ 6నే బంగారం పెట్టడం అన్నిటికంటే చవక. నాలుగు నెలలు ఉంచినా వడ్డీ అయిదు వేల ఏడు వందలు, షోరూముకి రెండు శాతం కట్టక్కర్లేదు. అది కూడా వద్దంటే చీటీ చేతికొచ్చాక శ్రావణంలో బండి తీసుకోవచ్చు. ఉగాది పోతే శ్రావణం రాదా? ఈ మాట నేను అంటే మాస్టారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

కార్డు అసలు వాడొద్దని కాదు. బుకింగ్ అడ్వాన్సు పదీ ఇరవై వేలు కార్డు మీదే కట్టమంటాను. బండి రద్దయి షోరూము తిప్పుతుంటే కార్డు బ్యాంకులో వివాదం వేయడానికి దారి ఉంటుంది. పెద్ద మొత్తం గీకాలంటే మాత్రం ఆ డబ్బు ఇప్పటికే మీ ఖాతాలో ఉండాలి. రావాల్సిన డబ్బు, పాడబోయే చీటీ, అమ్మబోయే స్థలం లెక్కలోకి రావు. డబ్బున్నా సరే ఒక్కసారి లెక్క వేసుకోండి. 1,80,000ని నలభై అయిదు రోజులు ఏడు శాతం డిపాజిట్లో ఉంచితే వచ్చేది 1,553. పాయింట్లు ఇంకో 612. రెండూ కలిపి 2,165. షోరూము 3,600 అడుగుతుంటే, బిల్లు పైసాతో సహా గడువులో కట్టినా నష్టమే. ఏడాది ఫీజు మాఫీ అవుతుందనో, ఖర్చు మైలురాయికి ఓచరు ఇస్తారనో ఉంటే అప్పుడు ఆలోచించండి, అది కూడా రెండు శాతం తీసేయించాకే.

పన్ను వైపు ఈ కేసులో ఏమీ లేదు. బండి పది లక్షలు దాటితే షోరూము ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే పట్టుకునే ఆదాయ పన్ను) వసూలు చేస్తుంది, రిటర్నులో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇది దాటలేదు. ఏడాదిలో కార్డు బిల్లులకి పది లక్షలు దాటి కడితే ఆదాయ పన్ను శాఖకి కబురు పోతుంది. మాస్టారు దానికి చాలా దూరం.

చీటీ డబ్బులో గొలుసు, కార్డు తోక పోగా 55 వేల చిల్లర మిగిలింది. మ్యూజిక్ సిస్టం మారుద్దామని కొడుకు, వద్దని నేను. నాలుగు కారు కిస్తీలకి సరిపడా పక్కన పెట్టించాను, ఎందుకంటే వచ్చే మేలోనూ సగం జీతమే.

ఆ 3,600 మాత్రం మాస్టారు వదల్లేదు. సెప్టెంబరులో మొదటి సర్వీసుకి వెళ్లినప్పుడు రసీదు తీసుకెళ్లి అడిగారట, యాక్సెసరీస్ అని రాశారు కదా, ఏ యాక్సెసరీసో చూపించండి అని. మేనేజరు లోపలికి వెళ్లి పావుగంట తర్వాత ఒక జత ఫ్లోర్ మ్యాట్లు పట్టుకొచ్చి డిక్కీలో పెట్టించాడు. ముందు సీట్ల కిందికి సరిగ్గా సరిపోయాయి. వెనకవి రెండంగుళాలు పొట్టి.